ఎనిమిదో నంబరు గౌను

మిషను నడుస్తూనే ఉంది. సూది కింద మాత్రం గుడ్డ లేదు.

చిన్నది గుమ్మం దగ్గరే ఆగి చూసింది. అమ్మ పాదాలు మిషను తొక్కుతున్నాయి. చేతులు లేని గుడ్డ అంచు సర్దుతున్నాయి. దారం కూడా ఎక్కించలేదు. ఉత్త సూది టకటకమని గాలిని కుడుతోంది.

"ఎంతసేపట్నుంచి?" అంది చిన్నది. అడిగింది అమ్మని కాదు, అక్కని.

కత్తిరింపు బల్ల దగ్గర నీలం గుడ్డ మీద సుద్దతో గీత గీస్తున్న అక్క తలెత్తలేదు. "మొన్న ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచీ ఇంతే. అన్నం కూడా ఆ స్టూలు మీదే తింది."

"పడుకోడానికి?"

"నేను నిద్రపోయాక లేచిందేమో. నేను లేచేసరికి మళ్ళీ అక్కడే."

ఇల్లంటే ముందుగది దుకాణం, వెనకగది కాపురం. పాతికేళ్ళుగా ఊళ్ళో సగం పిల్లలకి గౌన్లూ చొక్కాలూ ఈ రెండు మిషన్ల మీదే పుట్టాయి. ఒకటి అమ్మది, ఒకటి అక్కది. చిన్నదానికి ఇక్కడ మిషను లేదు. రెండు వీధుల అవతల కాపురం, బజారులో కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగం. రోజూ పదిమందికి కంటికీ కంటికీ మధ్య దూరం కొలుస్తుంది. ఇంట్లో ఉన్న దూరం మాత్రం మొన్నటిదాకా కొలవలేదు.

ఆమె సంచీలోంచి మడత పెట్టిన కాగితం తీసి మిషను బల్ల మీద, అమ్మ చేతుల మధ్య పెట్టింది.

"అమ్మా, కాసేపు ఆపు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి బుడ్డిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రక్తం తీస్తారు, మణికట్టు ఎముకకి ఎక్సురే తీస్తారు. ఈ ఫారం నింపి తెమ్మంది డాక్టరమ్మ. అన్నీ నింపాను. ఒక్క గడి మిగిలింది."

మిషను ఆగలేదు.

"'తల్లి బాల్యం' అని ఉంది చూడు. పుట్టినప్పుడు బరువు, చిన్నప్పటి జబ్బులు, ఏ వయసులో. నా బాల్యం నాకెలా తెలుస్తుంది? నువ్వు చెప్పాలి."

"పుట్టుకతోనే పొట్టిదానివి," అంది అమ్మ, సూదినే చూస్తూ. "లక్షసార్లు చెప్పాను. అది తాడిలా పుట్టింది, నువ్వు తాటిముంజెలా పుట్టావు. నీ కూతురు నీ పోలిక. దానికి ఎక్సురేలెందుకు?"

"ఆ మాట మొన్నటిదాకా చెల్లింది."

మొన్న వచ్చిన కాగితంలో ఉన్నది ఒకటే సంగతి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే పిండం రెండుగా విడి పుట్టిన కవలలు. ముప్పైమూడేళ్ళుగా ఊరంతా, ఇల్లంతా, వాళ్ళిద్దరూ కూడా వేరు విత్తనాలు అనుకున్నారు. అక్క ఐదడుగుల ఆరంగుళాలు. చిన్నది ఐదడుగుల ఒక్క అంగుళం. అలాంటివాళ్ళని చూసి ఎవరు మాత్రం అలా అనుకోరు?

జలుబుకని తీసుకెళ్ళిన బుడ్డిని గోడకి నిలబెట్టి పొడుగు చూసింది పిల్లల డాక్టరమ్మ. ఏడేళ్ళు నిండుతున్న పిల్ల ఐదేళ్ళ పిల్లలా ఉందేమిటంది. 'నా పోలికండీ' అని చిన్నది నవ్వింది. తోడుగా వెళ్ళిన అక్కని చూపించి, 'ఇదిగో, ఈవిడ నాతోపాటే పుట్టింది, చూడండి' అని పరాచికమాడింది. డాక్టరమ్మ నవ్వలేదు. ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి చెవితమ్మెలు చూసింది, కనుబొమల్లో సుడి చూసింది, కాలివేళ్ళు చూసింది. తరవాత చిన్నదాన్ని నోరు తెరవమని, ముందు పళ్ళ మీది తెల్లగీతల్ని చిన్న అద్దంతో చాలాసేపు చూసింది. చివరికి ఇద్దరి బుగ్గల లోపలా దూదిపుల్ల తిప్పి పరీక్షకి పంపింది.

"నా బరువు, అమ్మా," అంది చిన్నది మళ్ళీ.

"ఎవరికి గుర్తుంటుందే? అప్పుడు మేము కాటాలు పెట్టుకు కూచున్నామా?"

"పొట్టిదాన్నని గుర్తుంది. బరువు గుర్తులేదు."

అక్క కత్తెర తీసుకుంది. గుడ్డ మీద కత్తెర నడిచే చప్పుడు మొదలైంది. "నెమ్మదిగా అడుగు," అంది. "అమ్మ గుండె సంగతి తెలుసుగా."

"నా గొంతు పెరిగిందా?"

"పెరగలేదు. అదే భయంగా ఉంది."

గుమ్మంలో నీడ పడింది. బళ్ళో డ్రిల్లు మాస్టారు. మెళ్ళో ఈల, చంకలో పొట్లం.

"అమ్మగారూ, ఈ ప్యాంటు నడుం వదులు చెయ్యాలండీ. నేను లావవ్వలేదు సుమండీ, గుడ్డ ముడుచుకుపోయింది."

"అన్ని గుడ్డలూ నడుం దగ్గరే ముడుచుకుంటాయండి మాస్టారూ," అంది అక్క పొట్లం అందుకుంటూ.

ఆయన పెద్దగా నవ్వాడు. ఈ ఇంట్లో రెండ్రోజులుగా ఎవరూ నవ్వలేదని ఆయనకి తెలీదు. చిన్నదాన్ని చూసి, "ఓహో, చెల్లెమ్మగారు కూడా ఉన్నారే! మీరిద్దరూ కవలలంటే మా హెడ్‌మాస్టరు ఇప్పటికీ నమ్మడండీ. ఒకళ్ళు కొలబద్ద, ఒకళ్ళు రబ్బరుముక్క అంటాడు," అన్నాడు.

ప్యాంటు నడుం మీద గుర్తు పెడుతున్న అక్క చేతిలో సుద్ద విరిగింది.

"మీ బుడ్డి మాత్రం పిట్ట కొంచెం కూత ఘనమండీ. వరసలో ఎప్పుడూ మొదటి పిల్లే. రెండేళ్ళుగా ఆ మొదటిస్థానం ఇంకొకళ్ళకి ఇవ్వలేదంటే చూడండి!"

డ్రిల్లు వరసలో పొట్టివాళ్ళు ముందు నిలబడతారు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. ప్యాంటు ఎప్పుడిస్తారో అడిగి, ఈల సర్దుకుని వెళ్ళిపోయాడు.

చిన్నది అమ్మ వైపు తిరిగింది.

"రెండేళ్ళుగా," అంది చిన్నది. "విన్నావా? దారినపోయే మాస్టారికి తెలుసు. నాకు తెలీలేదు. ఎందుకు తెలీలేదో తెలుసా? పుట్టుకతోనే పొట్టి అని నువ్వు చెప్పావు కనక. అమ్మ మాట కదా. అమ్మ, పైగా టైలరు. కొలత విషయంలో అమ్మ అబద్ధం చెబుతుందని ఎవరనుకుంటారు?"

"డాక్టర్లంతే," అంది అమ్మ. "ఒక పిండమే అయితే ఇద్దరూ అచ్చుగుద్దినట్టు ఉండాలిగా? లేరుగా? వాళ్ళ కాగితమే తప్పు."

"అదీ అడిగాను. ఒకే పిండమైనా అన్నీ ఒకేలా ఉండాలని లేదట. వేలిముద్రలే కలవవట. కడుపులో ఉండగానే ఒకరికి పోషణ ఎక్కువ, ఒకరికి తక్కువ అందొచ్చు. పుట్టాక ఒకరు ఎండలో తిరిగితే ఒకరు నీడన ఉండొచ్చు. పుట్టుమచ్చలు వేరు, లావూ సన్నం వేరు, ఒకరికి వచ్చిన జబ్బు ఇంకొకరికి రాకపోవచ్చు. అవన్నీ మామూలే అంది. అంగుళం అటూ ఇటూ అయితే నేను అడిగేదాన్నే కాదు అంది. కానీ ఐదంగుళాలు ఊరికే పోవమ్మా, ఎవరో తీసుకుంటే పోతాయి అంది."

"ఎవరు తీసుకుంటారు? మీ అక్క లాక్కుందా?"

"నా పళ్ళు చూసి చెప్పింది. ఈ గీతలు, మీరు పన్నుపురుగు అన్న ఈ గీతలు, పన్ను లోపల తయారవుతుండగా పడ్డాయట. రెండేళ్ళకీ ఐదేళ్ళకీ మధ్య నాకేదో పెద్ద జబ్బు చేసిందట. ఒకటి రెండు వారాలు కాదు, నెలల తరబడి. ఏమిటమ్మా అది?"

అమ్మ మిషను ఇంకా జోరుగా తొక్కింది.

"నాకోసం కాదు. నాకు ముప్పైమూడు. నేనిక పెరిగేదీ లేదు, తరిగేదీ లేదు. నా అసలు పొడుగు అక్క పొడుగే అయితే, బుడ్డి పొట్టితనం నా దగ్గర్నుంచి వచ్చింది కాదు. దాని ఒంట్లో ఏదో ఉంది. నాకు వచ్చిన జబ్బే దానికీ మొదలైందేమో! అదేమిటో తెలిస్తే పని తేలికవుతుందంది. ఈ వయసుకి ఎముకల చివర్లు ఇంకా అతుక్కుపోవు, పెరగడానికి టైముంది, కానీ పోయిన రెండేళ్ళు తిరిగి రావు అంది." చిన్నది ఫారం మీద వేలు పెట్టింది. "ఈ గడి నింపు."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే," అంది అమ్మ నెమ్మదిగా.

"పడనీ."

అమ్మ ఫారాన్ని చేత్తో పక్కకి జరిపింది.

"సరే. కొలతల పుస్తకం ఇవ్వు. మా ఇద్దరివీ ఏటేటా రాసేదానివిగా పుట్టినరోజుకి."

"చెద పట్టింది. పారేశాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడో."

చిన్నది బీరువా తెరిచింది. మిషను సొరుగులు లాగింది. దారం కండెలు, బాబిన్లు, కాజాల కత్తి, ఎవరివో తెగిన గుండీలు. బల్ల కిందా, అద్దం వెనకా చూసింది. అక్క కత్తిరించడం మానేసి చూస్తూ నిలబడింది కానీ చెయ్యి కలపలేదు.

చిన్నది వెతుకుతూ వెతుకుతూ మిషను పక్కకి వచ్చింది. అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని స్టూలు అంచు పట్టుకుంది.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు.

చిన్నది ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. అమ్మ ఎప్పటికన్నా రెండంగుళాలు ఎత్తుగా కూచుంది. కొలత విషయంలో ఈ ఇంట్లో పుట్టినవాళ్ళ కన్ను అబద్ధమాడదు.

"లే అమ్మా."

"మోకాళ్ళు పట్టేశాయి."

"రెండ్రోజులు దాని మీద కూచుంటే పట్టెయ్యవా? లే."

ఇద్దరు పిల్లల్నీ కనిపెంచి, ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన మనిషి, బడిలో పట్టుబడ్డ పిల్లలా చిన్నదాని ముఖంలోకి చూసింది. తరవాత మిషను బల్ల పట్టుకుని లేచి నిలబడింది. స్టూలు మీద, నాలుగు మడతల దుప్పటి కింద, నల్ల రెక్సిను అట్ట పుస్తకం ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.

ఈ దుకాణానికి ఒక కట్టుబాటు ఉంది. కొలత మారితే పాతది కొట్టెయ్యకూడదు. కింద కొత్తది రాసి తారీకు వెయ్యాలి. మనిషి లావైనా, చిక్కినా, పాత కొలత ఎక్కడికీ పోకూడదు. అమ్మకి నేర్పిన ముసలి టైలరు పెట్టిన నియమం. అమ్మ కూతుళ్ళకి అక్షరాలకన్నా ముందు ఇదే నేర్పింది.

చిన్నది కత్తిరింపు బల్ల మీద పుస్తకం తెరిచింది. 'మా పిల్లలు' అని పైన అమ్మ గుండ్రటి అక్షరాలు. కింద రెండు వరసలు. పెద్దది, చిన్నది. భుజం నుంచి మడమ దాకా, అంగుళాల్లో.

ఒక ఏడు నిండినప్పుడు పెద్దది ఇరవై రెండున్నర. చిన్నది ఇరవై రెండున్నర.

రెండేళ్ళు. పెద్దది ఇరవై ఆరు. చిన్నది ఇరవై ఆరు.

ఆమె ఆ రెండు అంకెల మీదా వేలితో రుద్దింది, సిరా ఇంకా తడిగా ఉందేమో చూస్తున్నట్టు. అవే అంకెలు. నూలుపోగు తేడా లేదు.

"పుట్టుకతోనే," అంది.

పేజీ మీద వేలు కిందికి జరిపింది.

మూడేళ్ళు. పెద్దదానికి అంకె ఉంది. చిన్నదాని దగ్గర ఖాళీ. నాలుగేళ్ళు. మళ్ళీ ఖాళీ. ఐదేళ్ళు. పెద్దది ముప్పైనాలుగున్నర. చిన్నది ముప్పై.

"ఈ రెండేళ్ళూ నేనెక్కడున్నాను?"

అమ్మ నేల మీద, గుడ్డపీలికల మధ్య కూలబడింది. మోకాళ్ళు నిజంగానే పట్టేసినట్టున్నాయి.

"మీ పెద్దమేనత్త దగ్గర."

"చనిపోయినావిడ దగ్గరా?"

"అప్పుడు బతికే ఉంది. పిల్లల్లేరు. మీ నాన్న పోయి అప్పటికి నాలుగు నెలలు. నాకు బట్టల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఒక్కపిల్లయితే పక్కావిడ చూస్తానంది. ఇద్దరైతే కుదరదంది. మీ మేనత్త వచ్చి, ఒకదాన్ని ఇయ్యి, పెంచుకుంటాను, నీకు వీలైనప్పుడు తీసుకుపో అంది."

"నన్ను ఎందుకిచ్చావు?"

అమ్మ చీలిన గోరుతో పీలికలోంచి ఒక పోగు లాగింది.

"అమ్మా. ఇద్దరం ఇరవై ఆరే. ఇద్దరం ఒకటే ముఖం. నన్నే ఎందుకిచ్చావు?"

"నువ్వు నిద్రపోతున్నావు."

"ఏంటి?"

"అది మేలుకుని ఉంది. ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చింది. నువ్వు నిద్రపోతున్నావు. నిద్రలో ఎత్తుకుంటే ఏడవదని మీ మేనత్త నిన్నెత్తుకుంది." అమ్మ ఆ పోగుని తెంపింది. "అంతకన్నా ఏమీ లేదే. దేవుడిమీదొట్టు, అంతకన్నా ఏమీ లేదు."

ఏదో ఒక కారణం ఉండి ఉంటే బాగుండేదనిపించింది చిన్నదానికి. రోగిష్టిదనో, గయ్యాళిదనో, ఆఖరికి నచ్చలేదనో. కోపం పట్టుకు వేలాడ్డానికి ఒక కొక్కెమైనా ఉండేది.

"జబ్బు?"

"విరేచనాలు. తింటే నిలవదు. పొట్ట ఉబ్బి, చేతులు కాళ్ళు పుల్లల్లా... మీ మేనత్త దాచింది. చెబితే తీసుకుపోతానని భయం ఆవిడకి."

"మొత్తం దాచిందా?"

అమ్మ ఇంకో పీలిక చేతిలోకి తీసుకుంది. "రెండుసార్లు కబురంపింది."

"వెళ్ళావా?"

"మొదటిసారి బడులు తెరిచే నెల. ఫ్యాక్టరీలో సెలవడిగితే మళ్ళీ రావద్దన్నారు. పిల్లలకి విరేచనాలు మామూలేగా అనుకున్నాను. రెండోసారి కబురొచ్చాక వెళ్ళాను."

"రెంటికీ మధ్య ఎన్నాళ్ళు?"

"ఎనిమిది నెలలు."

చిన్నది ఫారం అందుకుంది. పెన్ను తీసింది. 'తల్లి బాల్యం' గడిలో రాసింది. రెండేళ్ళకీ ఐదేళ్ళకీ మధ్య. విరేచనాలు. వైద్యం లేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో నంబర్లు రాసినట్టే చక్కగా రాసింది. రాశాక అక్షరాలు కనిపించలేదు.

వెనక అక్క కదిలింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. "తాగు."

చిన్నది గ్లాసు వైపు చూసింది. తరవాత అక్క వైపు. ఇంత విన్నా అక్క ముఖంలో ఆశ్చర్యం లేదు. అమ్మ చెబుతున్నంతసేపూ ఒక్కసారి కూడా 'అయ్యో' అనలేదు.

"నీకు తెలుసు."

"నీళ్ళు తాగు ముందు."

"ఎప్పట్నుంచి?"

"నీ పెళ్ళికి జాకెట్లు కుట్టినప్పుడు. పాత కొలతల కోసం ఈ పుస్తకం తిరగేస్తే కనబడింది. అడిగాను. చెప్పింది." అక్క మెళ్ళో వేలాడే టేపు చివరలు పట్టుకుంది. "చెప్పొద్దని ఏడ్చింది. నీ పెళ్ళి ముందు ఏం చెప్పను?"

"పెళ్ళి తరవాత పదేళ్ళు ఉన్నాయి."

"పదేళ్ళలో ఏ రోజు చెప్పాలే? ఏ రోజు చెబితే బాగుండేది, నువ్వే చెప్పు."

"నా కూతురు పెరగడం ఆగిపోయిన రోజు."

అక్క చూపు ఒక్క క్షణం పుస్తకం మీదికి పోయి వచ్చింది.

ఆ చూపు లేకపోతే చిన్నది పుస్తకం మూసేసేది.

ఆమె పేజీలు తిప్పింది. ఊళ్ళో వాళ్ళవి, పోయినవాళ్ళవి, వెళ్ళిపోయినవాళ్ళవి. చివరికి దగ్గరగా ఒక పేజీ మీద 'బుడ్డి' అని ఉంది. గుండ్రటి అక్షరాలు కావు. సన్నగా, పొడుగ్గా, పక్కకి వాలే అక్షరాలు. అక్క రాత.

ఐదేళ్ళు, ముప్పై రెండు.

ఆరేళ్ళు, ముప్పై రెండున్నర.

పోయిన వారం తారీకుతో, ముప్పై రెండూ ముప్పాతిక.

"ఇది కాదు," అంది చిన్నది. "ఇది తప్పు. ఏటా గౌను మారుతోందిగా. ఏటా నంబరు పెరుగుతోందిగా."

ఈ దుకాణంలో కుట్టిన ప్రతి పిల్లగౌనుకీ మెడ వెనక చిన్న తెల్లపీలిక మీద ఎర్రదారంతో పిల్ల అడుగుపెట్టే సంవత్సరం అంకె కుడతారు, ఏడేళ్ళు నిండితే ఎనిమిది. బుడ్డి గౌన్లకి అక్క చేత్తో కుట్టేది. ఐదు. ఆరు. పోయినేడు ఏడు. ఆ ఏడో నంబరు గౌను బుడ్డికి అతికినట్టు సరిపోయినరోజు చిన్నది తన భర్తకి చూపించి, 'చూశారా, నెమ్మదిగా అయినా నంబరు తప్పకుండా ఎదుగుతోంది' అని మురిసింది.

గోడ పక్క కడ్డీకి వచ్చేవారం పుట్టినరోజు గౌను వేలాడుతోంది. లేత పసుపు, తెల్ల అంచు. మెడ వెనక ఎర్రగా ఎనిమిది. దాని పక్కనే, ఎవరికైనా ఇచ్చెయ్యమని చిన్నదే పోయినవారం తెచ్చి పడేసిన ఆరో నంబరు పాతగౌను.

ఆమె రెండూ తీసింది. నీలం గుడ్డని పక్కకి తోసి బల్ల మీద పాతగౌను పరిచింది. దాని మీద కొత్తది పరిచింది. భుజాలకి భుజాలు ఆనించింది. చేత్తో కిందిదాకా దువ్వింది.

కింద అంచు దగ్గర పాతగౌను ఎక్కడా తొంగిచూడలేదు. కొత్తది అరంగుళమైనా మించలేదు.

"అక్కా," అంది. ఇంకేం అనాలో తెలీక మళ్ళీ, "అక్కా," అంది.

అక్క గోడకి ఆనుకుంది. ఐదడుగుల ఆరంగుళాల మనిషి ఎక్కడ నిలబడాలో తెలీనట్టు నిలబడింది.

"నా బిడ్డ పెరగట్లేదని నీ చేత్తో కొలిచి, నీ చేత్తో రాసి, మళ్ళీ నీ చేత్తోనే ఎనిమిదని కుట్టావా?"

"పుస్తకంలో అబద్ధం రాయలేదు," అంది అక్క.

"గౌను మీద రాశావు! నేను చూసేది పుస్తకమా, గౌనా?"

నేల మీంచి అమ్మ తలెత్తింది. "గౌను మీద రాయడమేమిటే?"

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నాకు చూపు ఆనట్లేదని బుడ్డి బట్టల పని అంతా అదే చూస్తోంది రెండేళ్ళుగా," అంది అమ్మ. "బుడ్డి ఎదుగుదల ఆగింది, చెల్లెలికి చెప్పవే, డాక్టరుకి చూపించమని చెప్పవే అని అప్పుడే అన్నాను దీనితో. నా నోటితో చెప్పలేకే దీన్ని చెప్పమన్నాను. చెప్పాను, డాక్టరు ఏం లేదన్నాడట అంది." అమ్మ పెద్దకూతురి ముఖంలోకి చూసింది. "చెప్పలేదా నువ్వు?"

మిషను చప్పుడు లేని దుకాణం ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టారు.

"చెబితే డాక్టరు దగ్గరికి పోతావు," అంది అక్క. అమ్మతో కాదు, చెల్లెలితో. "డాక్టరు నీ చిన్నతనం అడుగుతాడు. నువ్వు ఈ పుస్తకం అడుగుతావు. ఇది చూశాక మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతావా నువ్వు? రోజూ బడి వదలగానే పిల్లని ఇక్కడికి పంపిస్తావా?" ఆమె ఖాళీ కడ్డీని చేత్తో తడిమింది. "వచ్చే ఏడు దానంతటదే ఎదుగుతుందేమో అనుకున్నాను. ప్రతి ఏడూ అదే అనుకున్నాను. నాకు ఇంకేముందే? పెళ్ళా, పెటాకులా? మధ్యాహ్నం ఒంటిగంటకి 'పెద్దమ్మా' అని ఒక గొంతు."

"అందుకని దాన్ని కురచ చేశావు."

"నేను చెయ్యలేదు..."

"అమ్మ నన్ను చేసినట్టే. కాకపోతే అమ్మ ఎనిమిది నెలలే ఆలస్యం చేసింది."

అక్క చేత్తో నోరు మూసుకుంది.

చిన్నది అక్క ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. కనుబొమలో సుడి. చెవితమ్మె. ఏడుపు ఆపుకుంటే ఎడమవైపుకి లాగే పెదవి. తను ఏడుపు ఆపుకుంటే అద్దంలో కనిపించే పెదవి. దుకాణంలో ఇద్దరికీ కళ్ళజోళ్ళు చేయించినరోజు, కళ్ళ మధ్య దూరం ఇద్దరికీ సరిగ్గా అరవై ఒక్క మిల్లీమీటర్లు వచ్చింది. విచిత్రంగా ఉందే అని నవ్వుకుని రాసుకుంది. ఈ మనిషికి తెలీనిది తనలో ఏముంటుంది? తనకి తెలీనిది ఈ మనిషిలో ఇంత ఎలా పట్టింది?

ఆమె ఫారం మడత పెట్టి సంచీలో వేసుకుంది. పుస్తకం కూడా తీసుకుంది. అమ్మ వద్దనలేదు.

అప్పుడే వీధిలోంచి పరుగు చప్పుడు. బడి సంచీ గుమ్మంలోనే పడింది.

"పెద్దమ్మా! అయిపోయిందా గౌను? ఎనిమిది కుట్టావా?"

ఎవరూ పలకకముందే బుడ్డి బల్ల దగ్గరికి వచ్చేసింది. రెండు గౌన్లలో పసుపుది లాక్కుని యూనిఫారం మీదనే తలలోంచి తొడుక్కుంది. అద్దం ముందు గిర్రున తిరిగింది.

"సరిపోయింది! అమ్మా, చూడు, ఎనిమిది కూడా సరిపోయింది! నేను పెరిగాను!"

తరవాత అలవాటు ప్రకారం అక్క ముందుకెళ్ళి, మడమలు కలిపి, చేతులు పక్కలకి చాపి నిలబడింది. "కొలువు పెద్దమ్మా."

అక్క చెయ్యి మెళ్ళో టేపు దాకా వెళ్ళి ఆగిపోయింది.

చిన్నది ముందుకు వచ్చి ఆ టేపు అక్క మెళ్ళోంచి లాగింది. వంగి, ఒక కొస బిడ్డ భుజం మీద పెట్టి, రెండో కొస మడమ దాకా దించింది. చిన్నప్పట్నుంచీ చూస్తున్న పని. తన బిడ్డకి తను చెయ్యడం ఇదే మొదటిసారి.

"ఎంత?" అంది బుడ్డి.

"రేపు డాక్టరమ్మ కొలుస్తుంది. అప్పుడు చెబుతాను."

"సూది ఉంటుందా?"

"చిన్నది. చీమ కుట్టినట్టు."

బుడ్డి ఆలోచించింది. మునివేళ్ళ మీద లేచి పెద్దమ్మ వేలు పట్టుకుంది.

"అయితే పెద్దమ్మ రావాలి. సూదప్పుడు నేను పెద్దమ్మ చెయ్యే పట్టుకుంటా. వస్తుందిగా అమ్మా?"

ఫారం అడుగున డాక్టరమ్మ పచ్చసిరాతో రాసిన వాక్యం చిన్నదానికి చూడకుండానే కనిపించింది. 'తల్లి కవల సోదరి రక్తం కూడా కావాలి. తప్పక తీసుకురండి.' జబ్బు లేకుండా పెరిగి ఉంటే తన ఒళ్ళు ఎలా ఉండేదో చెప్పగలిగింది లోకంలో ఒక్క ఒళ్ళే. అది గోడకి ఆనుకుని, తలొంచుకుని, జవాబు కోసం చూస్తోంది.

అమ్మ నేల మీంచి చూస్తోంది. బుడ్డి వేలు వదలకుండా చూస్తోంది.

"చెప్పమ్మా," అంది బుడ్డి. "పెద్దమ్మ వస్తుందా?"

చిన్నది టేపుని చూపుడువేలి చుట్టూ బిగించి చుట్టడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. అంకెలు ఒకదాని మీదికొకటి ఎక్కి కనబడకుండా పోతున్నాయి.